రంగు నిలవాలి, మురికి పోవాలి, చేయీ బాగుండాలి

ఉతికిన బట్ట కట్టుకోవడం ఆరోగ్యానికి తొలి మెట్టని చిన్ననాడు బడిలో చదువుకున్నాం. ఏ సబ్బుతో ఉతకాలో మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఆనాడు ఆ అవసరమూ అంతగా లేదు. ఇంట్లో ఒక బార్ సబ్బు, డబ్బాలో చాకలి సోడా, పట్టుబట్టల కోసం నాలుగు కుంకుడుకాయలు, తెల్ల పంచెల కోసం నీలిమందు ఉండేవి. ఈనాడు దుకాణంలో ఒక అరమర నిండా ఇవే. పౌడర్లు, ద్రవాలు, బిళ్ళలు, తెల్లదనానికొకటి, మెత్తదనానికొకటి, పరిమళానికొకటి. ఉదయపు నడకలో కలిసే మిత్రులు బీపీ, షుగరు తర్వాత నన్ను తరచుగా అడిగే ప్రశ్న కూడా ఇదే: "డాక్టరు గారూ, మురికి పోవాలి, రంగు పోకూడదు. ఏది కొనమంటారు?"

బ్రాండు పేరు చెప్పడం నా పని కాదు. కానీ ఈ ప్రశ్న వైద్యుని పరిధిలోనిదే అని నా అభిప్రాయం. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేస్తూ గమనించిన విషయం ఒకటుంది. బట్ట రంగును హరించే గుణాలే చాలావరకు ఉతికే చేతి చర్మాన్నీ హరిస్తాయి. కనుక బట్టకు మేలైనది ఎంచుకుంటే చేతికీ మేలు చేసినట్లే.

మురికి పోయే తీరు, రంగు పోయే తీరు

మన బట్టలకు అంటే మురికిలో ముఖ్యమైనవి చెమట, ఒంటి జిడ్డు, దుమ్ము, ఆహారపు మరకలు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరొక కొస జిడ్డును ఇష్టపడుతుంది. అది జిడ్డును చుట్టుముట్టి నీటిలోకి లాగుతుంది. క్షారం, అంటే చాకలి సోడా వంటిది, ఈ పనికి తోడ్పడుతుంది. నేటి పౌడర్లలో ఎంజైములు కూడా ఉంటాయి. ఇవి మన జీర్ణరసాలకు చుట్టాలే. ఒకటి రక్తం, పాలు, గుడ్డు వంటి మాంసకృత్తుల మరకలను, ఒకటి గంజి, అన్నం వంటి పిండి పదార్థాలను, ఒకటి నూనెను విడగొడతాయి.

రంగు పోవడానికి దారులు వేరు. మొదటిది, అద్దకంలో నూలుకు పూర్తిగా పట్టని రంగు నీటిలోకి దిగిపోవడం. కొత్త బట్ట మొదటి ఉతుకులో నీళ్ళకు రంగు రావడం ఇదే. రెండవది, తీవ్రమైన క్షారం, వేడి కలిసి పట్టిన రంగును సడలించడం. మూడవది, బ్లీచింగ్ ద్రవ్యాలు రంగు అణువునే విరగగొట్టడం. ఇలా పోయిన రంగు మళ్ళీ రాదు. నాలుగవది ఎండ. ఐదవదాన్ని మనం గమనించము. బండకేసి బాదినా, బ్రష్షుతో గీకినా నూలుపోగు పైన సన్నని నూగు లేస్తుంది. ఆ నూగు వెలుతురును చెదరగొట్టడంతో బట్ట వెలిసినట్లు కనిపిస్తుంది. నిజానికి అక్కడ రంగు ఉంటుంది, నూగు దానిని కప్పేస్తుంది.

ఈ ఐదింటినీ చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. మురికిని వదిలించడానికి తీవ్రమైన క్షారమూ బ్లీచూ ప్రతిసారీ అవసరం లేదు. రోజూ కట్టి విడిచే బట్టలో ఉండేది చెమట, కొద్దిపాటి జిడ్డు మాత్రమే. దానికి సౌమ్యమైన సబ్బు, తగినంత నీరు, కాస్త ఓపిక చాలు.

పసుపు చెప్పే సాక్ష్యం

ఒక ఉత్పత్తి ఎంత క్షారమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. మన వంటింట్లోనే పరీక్ష ఉంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అవుతాయి. శుభకార్యాలలో దిష్టి తీసేది వాటితోనే. సున్నం క్షారం, పసుపు క్షారాన్ని తాకితే ఎర్రబడుతుంది. కూర ఒలికిన చొక్కాను సబ్బునీటిలో ముంచగానే పచ్చని మరక ఎర్రగా మారడం గృహిణులందరూ చూసే ఉంటారు. నెత్తురు మరకేమోనని కంగారుపడేవారూ ఉన్నారు. అది కూడా ఇదే చర్య.

చిటికెడు పసుపును కొద్ది నీళ్ళలో కలిపి తెల్ల కాగితం మీద పూసి ఆరబెట్టండి. మీరు వాడే పౌడరునో ద్రవాన్నో రోజూ వాడే పాళ్ళలో నీటిలో కలిపి, ఒక చుక్కను ఆ కాగితం మీద వేయండి. ఇటుక రంగుకు తిరిగితే అది క్షారగుణం బాగా ఉన్నది. దుప్పట్లకు, తువాళ్ళకు, తెల్లని నూలు బట్టలకు పనికివస్తుంది. పసుపు పసుపుగానే ఉంటే అది తటస్థానికి దగ్గరగా ఉన్నది. రంగు చీరలకు, పట్టుకు, ఉన్నికి అటువంటిదే తగినది. పౌడర్లలో ఎక్కువ భాగం కాగితాన్ని ఎర్రబరుస్తాయి. సున్నిత వస్త్రాల కోసం చేసిన ద్రవాలు సాధారణంగా ఎర్రబరచవు.

ఇదే పరీక్షను కుంకుడు రసంతో చేసి చూడండి. కాగితం ఎర్రబడదు. కుంకుడు రసం స్వల్పంగా ఆమ్లగుణం కలది. పట్టుచీరలను కుంకుడు నీటిలోనే జాడించాలని మన అమ్మమ్మలు పట్టుబట్టడంలోని రహస్యం ఇదే. పట్టు, ఉన్ని మన జుట్టు, గోళ్ళ వలె మాంసకృత్తులతో ఏర్పడినవి. తీవ్ర క్షారం వాటిని దెబ్బతీస్తుంది, మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము వాటినీ కొరుకుతుంది. మన చర్మపు పైపొరదీ అదే స్వభావం. ఆరోగ్యవంతమైన చర్మం మీద పీహెచ్ సుమారు 5 ఉంటుంది, అంటే స్వల్ప ఆమ్లత్వం. పట్టుకు పడనిది చర్మానికీ పడదని గుర్తుంచుకుంటే చాలు, సగం శాస్త్రం వచ్చినట్లే. కుంకుడు కళ్ళలో పడితే ఎంత మంటో తలంటు నాళ్ళు తెలిసిన మనకు చెప్పనవసరం లేదు. సహజమైనదంతా నిరపాయమైనది కాదు.

రేవు నేర్పిన పాఠాలు

సబ్బు ఇంటింటికీ రాకముందు మన రజకులు చౌడుమట్టిని వాడేవారు. ఆ మట్టిలో ఉండేది సహజమైన సోడా. చౌడునీటిలో తడిపిన తెల్లబట్టలను బానలో ఉడకబెట్టి, రేవులో ఉతికి, ఎండలో ఆరవేసేవారు. రంగుబట్టలను మాత్రం ఆ బానలో వేసేవారు కారు. ఏది ఉడకాలో ఏది ఉడకరాదో వారికి చేతివాటంగా తెలుసు. తర్వాత 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. మధ్యతరగతి ఇళ్ళలో పౌడరు అలవాటైంది. తెల్లవీ రంగువీ ఒకే బకెట్టులో నానడం మొదలైంది. వెలిసిన చీరల కథ చాలావరకు ఆ బకెట్టులోనే మొదలవుతుంది.

రేవు నుంచి వైద్యశాస్త్రానికి చేరిన మరొక ముచ్చట ఉంది. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి రజకులు నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన గుర్తు పెట్టేవారు. ఏ సోడాకూ ఏ సబ్బుకూ ఆ గుర్తు చెరగదు. కానీ దాని రసం కొందరికి తీవ్రంగా పడదు. మెడ వెనుక, నడుము దగ్గర, సరిగ్గా గుర్తు తగిలే చోటే దద్దుర్లు, పొక్కులు వచ్చేవి. నా ఉద్యోగపు తొలినాళ్ళలో అటువంటి రోగులను చూశాను. చొక్కా కాలరు తిప్పి చూస్తే రోగనిర్ధారణ అక్కడే ఉండేది. బట్ట మీద ఉన్న ప్రతిదీ ఒంటి మీద ఉన్నట్లేనని అప్పుడే అర్థమైంది. నేటికీ అది వర్తిస్తుంది. కృత్రిమ నూలుతో చేసిన ముదురు నీలం, నలుపు దుస్తులలోని కొన్ని రంగులు చెమటకు కరిగి చంకలలో, నడుము పట్టీ దగ్గర దురద పుట్టిస్తాయి. కొత్త బట్టను ఒకసారి విడిగా ఉతికి కట్టుకోమనడం అందుకే.

చేతి వేళ్ళు వెలిసినప్పుడు

పదవీ విరమణ తర్వాత హైదరాబాదులో ఒక ఉచిత వైద్య శిబిరంలో వారానికొక పూట కూర్చునేవాణ్ణి. ఒకనాడు నలభై అయిదేళ్ళ మహిళ వచ్చింది. అయిదు ఇళ్ళలో బట్టలు ఉతికి, అంట్లు తోమి పిల్లలను చదివిస్తున్నది. ఆమె జబ్బు చెప్పిన తీరు నేను మరచిపోలేదు.

"సారూ, రేషన్ దుకాణంల నా వేలు పడ్తలేదు. మందిస్తే ముద్ర మళ్ళొస్తదా?"

చేతులు చూశాను. అరచేతులు పగిలి, వేళ్ళ కొసలు నున్నగా మెరుస్తున్నాయి. వేలిముద్ర గీతలు అరిగిపోయాయి. యంత్రం ఆమెను గుర్తుపట్టడం లేదు. రెండు నెలలుగా బియ్యం తెచ్చుకోవడం కష్టమైంది. ఎలా ఉతుకుతున్నావని అడిగితే, ఒక ఇంటివారు నురగ బాగా రావాలని పౌడరు గుప్పెళ్ళతో వేయిస్తారని, తెల్లబట్టలకు బ్లీచింగ్ నీళ్ళలో చేతులు ముంచాల్సి వస్తుందని చెప్పింది. అంతేకాదు, ఆ ఇంటావిడ పోచంపల్లి చీర వెలిసిపోయిందని ఆ నెల జీతంలో అయిదు వందలు కోసుకున్నారట. చీరను వెలయించినదీ, ఈమె వేళ్ళను అరగదీసినదీ ఒకే బకెట్టులోని నీళ్ళు. నష్టం మాత్రం రెండు విధాలా ఆమెదే.

ఇది అలర్జీ కాదు. క్షారం, సబ్బు, నీరు రోజుల తరబడి చర్మపు నూనెను లాగివేయగా వచ్చే ఒరిపిడి ఎగ్జిమా. ఇళ్ళలో పనిచేసేవారిలో, బాలింతలలో, రజకులలో ఎంతో ఎక్కువగా కనిపిస్తుంది. పూతమందు కొన్నాళ్ళకు రాసిచ్చాను. రాత్రి వాజిలీను పట్టించి పాత నూలు తొడుగులు వేసుకోమన్నాను. పని వేళ నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకోమన్నాను. అసలు మందు మాత్రం మరొక చీటీ మీద రాశాను. అది ఆమె పనిచేసే ఇళ్ళకు: "ఈమె చేతులకు చికిత్స జరుగుతున్నది. దయచేసి పౌడరు డబ్బా మీద చెప్పిన కొలతకు మించి వేయవద్దు. రంగుబట్టలకు తటస్థమైన ద్రవం ఇవ్వండి. బ్లీచింగ్ నీటిలో చేతులు పెట్టించవద్దు." అయిదు ఇళ్ళలో మూడిళ్ళవారు మన్నించారు. లోతుగా గాయం కాకపోతే చర్మపు గీతలు మళ్ళీ అదే అచ్చులో మొలుస్తాయి. రెండు నెలలు దాటాక ఆమె వచ్చి, దుకాణంలో వేలు పడిందని చెప్పింది.

ఉతికే ద్రవ్యం ఎంపిక ఇల్లాలి అభిరుచికి సంబంధించిన చిన్న విషయం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

డబ్బా మీద ఏమి చూడాలి

రంగుబట్టలకు కొనేటప్పుడు "బ్లీచ్ లేనిది", "రంగుబట్టలకు" అన్న మాటలున్నాయా చూడండి. ఇటువంటి వాటిలో కొన్నింటిలో, ఒక బట్ట నుండి దిగిన రంగు మరొక బట్టకు అంటకుండా పట్టి ఉంచే పదార్థాన్నీ కలుపుతారు. సెల్యులేజ్ అనే ఎంజైము ఉన్నవి నూలుబట్ట మీది నూగును తొలగించి రంగును తేటగా చూపుతాయి.

"మిరుమిట్లు గొలిపే తెలుపు" అని చెప్పుకునేవి రంగుబట్టలకు వద్దు. వాటిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను నీలి వెలుగుగా మార్చే పదార్థాలుంటాయి. అవి మురికిని తీయవు, పసుపుదనాన్ని కప్పుతాయి. ఒకరకంగా నీలిమందుకు ఆధునిక రూపం. లేత గోధుమ, మీగడ రంగు చీరల అసలు ఛాయ వీటి వల్ల మారిపోతుంది. దొంగనోట్లను పరీక్షించే ఊదా దీపం కింద వీటితో ఉతికిన చొక్కాను పెడితే నీలంగా వెలుగుతుంది.

బ్లీచ్‌లలో రెండు జాతులున్నాయి. క్లోరిన్ జాతి రంగుకు శత్రువు, పట్టుకు, ఉన్నికి అంతకన్నా శత్రువు. ఆక్సిజన్ జాతి కొంత సౌమ్యమైనది, పక్కా రంగుల నూలుబట్టల మొండి మరకలకు వాడవచ్చు. అయినా ముందుగా లోపలి మడతలో ఒక చుక్క వేసి చూడాలి.

కృష్ణా జిల్లాలో పనిచేసిన కాలంలో పెడన కలంకారీ అద్దకాన్ని దగ్గరగా చూసే అవకాశం కలిగింది. కరక్కాయ, పటిక, మొక్కల రంగులతో సంప్రదాయ పద్ధతిలో చేసిన బట్టకు ఏ పౌడరూ తగదు. చన్నీళ్ళలో కుంకుడు రసమో, తటస్థ ద్రవమో చాలు. మరకకు నిమ్మకాయ రుద్దే అలవాటు కలంకారీ మీద ప్రయోగించకండి. ఇనుము, కరక్కాయ కలిసి ఏర్పడిన నలుపును ఆమ్లం కరిగిస్తుంది.

సువాసన విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది. పసిపిల్లల బట్టలకు, ఎగ్జిమా, ఉబ్బసం ఉన్నవారి బట్టలకు పరిమళం లేనిదే మేలు. ఉతికిన బట్టకు వాసన లేకపోవడమే శుభ్రతకు గుర్తు.

కొలత, నీరు, నీడ

నురగకూ శుభ్రతకూ సంబంధం తక్కువ. ఎక్కువ పౌడరు వేస్తే ఎక్కువ మురికి పోదు, జాడించినా పోని పౌడరు బట్టలో మిగిలిపోతుంది. అది బట్టను బిరుసుగా, రంగును మసకగా చేస్తుంది, ఒంటికి దురద తెస్తుంది. మన ప్రాంతంలో అనేక ఊళ్ళలో బోరునీళ్ళు కఠినజలాలు. అందులోని కాల్షియం, మెగ్నీషియం బార్ సబ్బుతో కలిసి తెట్టె కడుతుంది. ఆ తెట్టె రంగుబట్ట మీద బూడిదరంగు పొరలా నిలుస్తుంది. చాలామంది రంగు పోయిందనుకునేది ఈ పొరనే. అటువంటి నీటికి సబ్బు కన్నా డిటర్జెంటు ద్రవం మేలు. వర్షపునీరు దొరికితే పట్టుబట్టలకు అంతకన్నా శ్రేష్ఠమైనది లేదు.

కొత్త బట్టను ఉప్పునీటిలో నానబెట్టడం మన ఇళ్ళలో ఆచారం. అద్దకం జరిగే వేళ ఉప్పు రంగును నూలులోకి పంపడానికి సాయపడుతుంది. అద్దకం సరిగా లేని బట్టకు ఇంట్లో ఉప్పు వేసి శాశ్వత బలం ఇవ్వలేం. అదనపు రంగు దిగేవరకు రెండు మూడుసార్లు చన్నీళ్ళలో విడిగా ఉతకడమే సరైన పని. గంటల తరబడి నానబెట్టకండి, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. తిరగేసి ఉతికి, తిరగేసే నీడలో ఆరవేయండి.

రంగు కన్నా ఆరోగ్యం ముఖ్యమైన వేళ

కృష్ణా జిల్లా ఆసుపత్రిలో శస్త్రచికిత్స గదికి ఆకుపచ్చ బట్టలు వాడేవాళ్ళం. వాటిని ఉతికే పెద్దాయన ఒకరుండేవారు. కొత్తగా చేరిన ఆయా నెత్తుటి బట్టల మీద మరిగే నీళ్ళు పోయబోతే ఆయన ఆపి, "నెత్తురు మరకకి చన్నీళ్ళే మందమ్మా. వేణ్ణీళ్ళు తగిల్తే ముద్దర పడిపోద్ది" అన్నారు. నూటికి నూరుపాళ్ళూ నిజం. వేడికి గుడ్డులోని తెల్లసొన గట్టిపడినట్లే రక్తంలోని మాంసకృత్తులు నూలులో గట్టిపడిపోతాయి. ముందు చన్నీళ్ళు, ఆ తర్వాతే మిగతావి. అయితే ఆ బట్టలకు చివరికి క్రిమిసంహారం తప్పదు. ఆకుపచ్చ వెలిసి తెల్లబడినా మేము లెక్కచేయలేదు. అక్కడ రంగు కన్నా రోగి ప్రాణం విలువైనది.

ఇంట్లోనూ అటువంటి సందర్భాలుంటాయి. తామర ఉన్నవారి లోదుస్తులు, తువాళ్ళు విడిగా, సుమారు 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి, ఎండలో ఆరబెట్టాలి. గజ్జికి కూడా వేడినీరే ఉత్తమం. వేడి తట్టుకోలేని రంగుచీరలు, పట్టుబట్టలు ఉంటే వాటిని పాలిథిన్ సంచిలో గట్టిగా మూటకట్టి వారం రోజులు పక్కన పెట్టండి. మనిషి ఒంటికి దూరమైన గజ్జి పురుగు అన్నాళ్ళు బతకదు. రంగుకు నష్టం లేకుండానే పని జరుగుతుంది.

కొన్ని హెచ్చరికలు

బ్లీచింగ్ ద్రవాన్ని మరుగుదొడ్డి శుభ్రపరిచే యాసిడ్‌తో ఎన్నడూ కలపకండి. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. తలుపులు మూసిన చిన్న స్నానాలగదిలో అది ప్రాణాంతకం కావచ్చు. అమ్మోనియా ఉన్న ద్రవాలతోనూ కలపరాదు. కూల్‌డ్రింకు సీసాలలో ఇటువంటివి నింపి ఉంచే అలవాటును వెంటనే మానండి. పిల్లలు దాహానికి తాగిన కేసులను చూసిన కన్నీళ్ళు ఇంకా గుర్తున్నాయి. పొరపాటున తాగితే వాంతి చేయించవద్దు, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. కంట్లో పడితే ముందు పదిహేను ఇరవై నిమిషాలు ధారగా మంచినీటితో కడిగి, ఆ తర్వాతే బయలుదేరండి.

ఇక మిత్రుల ప్రశ్నకు నా సమాధానం. ఇంట్లో రెండే ఉంచండి. దుప్పట్లకు, తువాళ్ళకు, తెల్లబట్టలకు ఒక మామూలు పౌడరు. రంగుబట్టలకు, పట్టుకు బ్లీచు, ఎంజైములు లేని ఒక తటస్థ ద్రవం. కొనే ముందు అందులో ఏముందో డబ్బా మీద చదవండి, కొన్నాక పసుపు కాగితంతో ఒకసారి పరీక్షించండి. మీ ఇంట్లో వేరెవరైనా ఉతుకుతుంటే, ఆ చేతులను కూడా ఒకసారి చూడండి. అవి పగులుతుంటే, బట్టలు వెలవడానికి ముందే ఆ ద్రవ్యాన్ని మార్చండి.